జడ బిగిస్తే చలి ఆగదు, కణతల దగ్గర జుట్టు ఊడుతుంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 24. మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. ప్రైవేటు బడిలో టీచరుగా పని చేస్తూ రోజూ ఉదయం ఏడింటికి స్కూటీ మీద నల్లగొండకు వెళ్తాను. ఈ చలికి చెవులు మొద్దుబారిపోతున్నాయి. జుట్టు ఎగరకుండా, తల వెచ్చగా ఉండేలా, చూడడానికీ బాగుండేలా నుదుటి దగ్గరి నుంచే పాయలు కలుపుకుంటూ బిగుతుగా ఫ్రెంచ్ జడ వేసుకుంటున్నాను. కార్తీకం నుంచి తెల్లవారుజామున తలస్నానం అలవాటైంది. మధ్యాహ్నానికి తల నొస్తుంది. కణతల దగ్గర జుట్టు పలచబడింది. అక్కడ పొక్కులు వస్తే మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రెండు నెలలుగా రాస్తున్నాను, బాగానే పని చేస్తోంది. వెంట్రుకలకు తెల్లగా ఈపుల్లాంటివి కనిపిస్తే పేల మందు కూడా రెండుసార్లు పెట్టాను. చలికాలంలో వెచ్చగా, అందంగా ఉండే జడలు ఏవి? ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్ళికి సవరం కలిపి సన్నని జడలు వేయించుకోవచ్చా? జుట్టు రాలడం మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది జడల గురించి. దానికీ జవాబు ఇస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "బాగానే పని చేస్తోంది" అన్నది కనుక ముందు ఆ ఆయింట్‌మెంట్ గురించే రాస్తున్నాను.

ట్యూబు పేరు మీరు రాయలేదు, మీ తలను నేను చూడలేదు, అందువల్ల ఖచ్చితంగా ఇదీ అని చెప్పలేను. అయితే పొక్కులు, దురద, ఎరుపు అని చెప్పగానే మందుల దుకాణాల్లో చేతికిచ్చే ట్యూబుల్లో చాలా వాటిలో ఒక స్టీరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. స్టీరాయిడ్ ఎరుపునూ వాపునూ రెండు మూడు రోజుల్లో అణచివేస్తుంది, దానితో రోగికి జబ్బు తగ్గిందన్న నమ్మకం కుదురుతుంది. లోపల కారణం మాత్రం అలాగే ఉంటుంది. పూత ఆపగానే పొక్కులు తిరిగి వస్తాయి, వచ్చాయి కదా అని మళ్ళీ రాస్తారు, అలా రెండు నెలలు గడిచిపోతాయి. ఈ ట్యూబుల్లో ఎక్కువగా కనిపించే క్లోబెటసాల్ పూత స్టీరాయిడ్లన్నింటిలోకీ బలమైన వాటిలో ఒకటి. వైద్యుని పర్యవేక్షణలో కూడా దీన్ని మామూలుగా వరుసగా 2 వారాలకు మించి వాడించము. అదే పనిగా రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్రని రక్తనాళాలు పైకి తేలుతాయి, మొటిమల్లాంటి పొక్కులు కొత్తగా పుట్టుకొస్తాయి, చెంపల మీద అవాంఛిత రోమాలు మొలవవచ్చు. తలలో ఉన్నది ఒకవేళ తామర అయితే, దాని రూపమే మారిపోయి డాక్టరు కూడా గుర్తు పట్టలేని స్థితి వస్తుంది. ఈ కారణాల వల్లనే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పూత స్టీరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని చెప్పింది. మీకు చీటీ ఎవరు రాశారు? ఎవరూ రాయలేదన్నది మీ ఉత్తరమే చెబుతోంది.

నా బల్ల మీదికి ఇలాంటి ట్యూబులు ప్రతివారం వస్తాయి. అడుగు నుంచి పళ్ళ పేస్టులా చుట్టచుట్టి, మూత పోతే దూది కుక్కి, పర్సులో దాచుకున్నవి. చదువుకున్న పిల్లలు కూడా "ఇదైతే తొందరగా తగ్గుతుంది సార్, మా అక్కకూ ఇదే ఇచ్చారు" అంటారు. ఆ ట్యూబు మీద అంత విశ్వాసం పెట్టుకోకండి. మీరు దాన్ని ఆపిన తరువాత కొద్ది రోజులకే మంట, ఎరుపు తిరగబడే అవకాశం ఉంది. అది చూసి భయపడి మళ్ళీ రాయవద్దు, వేరే ట్యూబుకు మారవద్దు. ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకుని, ఎలా ఆపాలో వారిని అడిగి ఆపండి.

ఇక అసలు జబ్బు విషయం. నుదుటి అంచునా కణతల దగ్గరా మాత్రమే జుట్టు పలచబడడం, అక్కడే వెంట్రుక కుదుళ్ళ చుట్టూ పొక్కులు రావడం, జడ విప్పితే తలనొప్పి తగ్గడం అనే మూడూ కలిసి ఉంటే, లాగుడు వల్ల జుట్టు ఊడడాన్ని మొదట అనుమానించాలి. తలనొప్పి జడ విప్పాక తగ్గుతోందా అన్నది మీరు రాయలేదు. ఈసారి గమనించండి. లాగుడు వల్ల వచ్చే నొప్పి సాధారణంగా జుట్టు వదులు చేసిన గంటలోపు తగ్గిపోతుంది. తగ్గకపోయినా, వాంతి, చూపు మసకబారడం వంటివి తోడైనా అది వేరే తలనొప్పి, దానికి జడతో సంబంధం లేకపోవచ్చు, వేరుగా పరీక్ష చేయించుకోవాలి.

లాగుడు వల్ల జుట్టు ఊడే ఈ సమస్యను 1907లో వైద్యులు వర్ణించినది గ్రీన్‌లాండ్ మహిళల్లో. జుట్టంతా పైకి లాగి నడినెత్తిన బిగించి ముడివేసుకునే అలవాటు ఉన్నవారు వారు. అంత చలి దేశంలో కూడా బిగింపు తలకు చేసిన మేలు లేదు, నుదుటి జుట్టును మాత్రం తీసుకుపోయింది. ఒక్కో వెంట్రుక కుదురును రోజూ గంటల తరబడి ఒకే వైపుకు లాగితే, ముందు ఆ కుదురు చుట్టూ వాపు వస్తుంది, తరువాత వెంట్రుక సన్నబడుతుంది, ఏళ్ళు గడిచేసరికి కుదురు మచ్చకట్టి మూసుకుపోతుంది. తొలి దశలో లాగుడు ఆపేస్తే చాలు, జుట్టు కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. మచ్చకట్టిన తరువాత ఏ నూనె రాసినా ఏ మందు పూసినా రాదు. మీది ఇంకా రెండు నెలల మాట కనుక నాకు ఆశ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రేపు ఉదయం జడ వేసుకున్నాక అద్దం ముందు నిలబడి కణతల దగ్గర చూడండి. వెంట్రుకల మొదళ్ళలో చర్మం చిన్న చిన్న గుడారాల్లా పైకి లేచి కనిపిస్తే, కనుబొమలు ఎత్తినప్పుడు అక్కడ సలిపినట్టు అనిపిస్తే, ఆ జడ మీ కుదుళ్ళు మోయగలిగిన దానికంటే బిగుతుగా ఉన్నట్టే. మీరు ఈపులు అనుకున్నవి కూడా ఈపులు కాకపోవచ్చు. లాగుడుకు గురైన జుట్టు మొదళ్ళలో తెల్లని సన్నని గొట్టాల వంటివి వెంట్రుక చుట్టూ ఏర్పడతాయి. రెండు గోళ్ళ మధ్య పట్టుకుని జరిపితే అవి వెంట్రుక వెంట సులువుగా జారతాయి. ఈపి అయితే వెంట్రుకకు అంటుకుని ఉంటుంది, అంత తేలికగా కదలదు. పేను కనిపించకుండానే పేల మందు రెండుసార్లు పెట్టడం అవసరం లేని పని, పైగా పొక్కులున్న చర్మం మీద మంట పెంచే పని.

కార్తీక స్నానానికి నేను అడ్డు చెప్పను. కానీ తెల్లవారుజామున తల తడిపి, ఆరే సమయం లేక, తడి మీదనే బిగించి జడ అల్లి బండెక్కడం తప్పు. తడిసిన వెంట్రుక పొడి వెంట్రుక కంటే ఎక్కువ సాగుతుంది, తేలికగా తెగుతుంది. తడి జడ మధ్యాహ్నం దాకా లోపల ఆరదు, కనుక మెడ వెనకా తలలోనూ చలి పట్టి ఉంటుంది. మీరు వెచ్చదనం కోసం వేసుకున్న జడే మీకు చలి తెస్తోంది. తలస్నానం సాయంత్రానికో ఆదివారానికో మార్చుకోండి. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు, మరిగే నీళ్ళు పోసుకుంటే చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. చలికాలంలో చుండ్రు ఎలాగూ పెరుగుతుంది. దాని మీద రోజూ నూనె పట్టించి జడ బిగిస్తే దురద ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన జడలు. తలకు వెచ్చదనం ఇచ్చేది పాయల మధ్య నిలిచే గాలి, దాని మీద కప్పే బట్ట. నుదుటి నుంచి బిగించి అల్లిన జడలో పాయలు నెత్తికి అతుక్కుపోతాయి, పాపిటలు తెరుచుకుంటాయి, ఆ పాపిటల వెంట చలిగాలి నేరుగా చర్మానికి తగులుతుంది, చెవులు పూర్తిగా బయటపడతాయి. అందువల్ల జుట్టును వదులుగా వెనక్కి దువ్వి, చెవుల పైభాగం మీదుగా పరిచి, మెడ దగ్గర నుంచి మొదలయ్యే మూడు పాయల జడ మీకు అన్నింటికంటే మేలు. రెండు జడలు ఇష్టమైతే చెవుల వెనుక, కింది నుంచి వేసుకోండి, అవి మెడకు రెండు వైపులా మఫ్లరులా ఒరుసుకుని ఉంటాయి. నాలుగు పాయల జడ, చేప తోకలా సన్నని పాయలు ఇటూ అటూ వేస్తూ అల్లే జడ కూడా బాగుంటాయి, కానీ అవి కూడా మెడ దగ్గరే మొదలుకావాలి. అల్లిన తరువాత పాయల అంచులను వేళ్ళతో కొద్దిగా బయటికి లాగితే జడ లావుగా కనిపిస్తుంది, లోపల గాలి నిలుస్తుంది, కుదుళ్ళ మీద లాగుడూ తగ్గుతుంది. ఫ్రెంచ్ జడ మీద మీకు మనసుంటే పొక్కులు పూర్తిగా తగ్గి, జుట్టు తిరిగి వచ్చిన తరువాత, ఎప్పుడో ఒకసారి, నడినెత్తి నుంచి వదులుగా వేసుకోండి. రోజూ ఒకే చోట పాపిట, ఒకే చోట ముడి వద్దు. సన్నని రబ్బరు బ్యాండ్లు వెంట్రుకను తెంపుతాయి, గుడ్డ చుట్టిన బ్యాండు గానీ రిబ్బను గానీ వాడండి. రాత్రి పడుకునేటప్పుడు జడ విప్పేయండి.

మన జిల్లాలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల కిందికి పడిపోయే రోజులుంటాయి, స్కూటీ మీద ఆ గాలి ఇంకా చల్లగా తగులుతుంది. చెవుల మీదుగా మెత్తని నూలు స్కార్ఫ్ కట్టుకుని, దాని పైన హెల్మెట్ పెట్టుకోండి. నెత్తి మీద కొప్పు గానీ తల చుట్టూ కిరీటంలా తిప్పిన జడ గానీ ఉంటే హెల్మెట్ నుదుటి మీదికి సరిగా దిగదు, పట్టీ బిగించినా తల మీద ఊగుతుంది, పడినప్పుడు జారిపోతుంది. మెడ దగ్గరి జడకు ఆ ఇబ్బంది లేదు. ఇంకో మాట, పొడవైన జడనూ చున్నీ కొసనూ స్వెటరు లోపల పెట్టుకున్న తరువాతే బండి తీయండి. చున్నీ చక్రంలో చుట్టుకుని మెడకు బిగుసుకున్న ఆడపిల్లలను రాత్రి డ్యూటీల్లో చూసినవాడిని, అందుకే ఇది రాయకుండా ఉండలేను.

చెల్లెలి పెళ్ళి రోజున కొన్ని గంటల పాటు సవరం, పూలజడ పెట్టుకోవడం వేరు. బరువంతా కింది జడ మీద పడేలా కట్టించుకుని, ఇంటికి రాగానే తీసేయండి. మీరు అడిగిన సన్నని జడలు, అంటే కొత్త జుట్టు కలిపి తలంతా అల్లి వారాల తరబడి ఉంచుకునేవి, ఇప్పుడున్న స్థితిలో వద్దు. పొక్కుల మీద ఆ బరువు వేలాడితే తొలి దశలో ఉన్నది ముదిరిపోతుంది. పెళ్ళికి ముందు జుట్టు ఒత్తుగా రావాలని ఇంటర్నెట్‌లో చూసి మినాక్సిడిల్ అనే జుట్టు పెంచే మందు కొనుక్కుని పూసుకోవడం కూడా వద్దు.

ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ వాళ్ళందరూ అడుగుతారు, అడగడంలో తప్పు లేదు, మన పల్లెలు పడ్డ బాధ అలాంటిది. అది ప్రధానంగా పళ్ళను, ఎముకలను దెబ్బతీస్తుంది. కణతల దగ్గర మాత్రమే జుట్టు ఊడడం దానికి సరిపోయే తీరు కాదు. బోరు నీళ్ళ ఉప్పదనానికి జుట్టు గరుకుగా మారవచ్చు, అంతే. తలంతా సమానంగా రాలుతుంటే మాత్రం వేరే కారణాలు వెతకాలి. వానకాలంలో డెంగీయో టైఫాయిడో వచ్చినవారికి రెండు మూడు నెలల తరువాత, అంటే సరిగ్గా ఈ చలికాలంలో, జుట్టు గుప్పెళ్ళతో రాలడం మేము ఏటా చూస్తాము. అది చాలామందిలో దానంతట అదే సర్దుకుంటుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. మన రాష్ట్రంలో సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉంది కనుక, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది), థైరాయిడ్ పరీక్షలు అవసరమవుతాయి. అవి డాక్టరు చూసి రాసిన తరువాత చేయించుకోండి.

పొక్కుల నుంచి చీము కారుతున్నా, మెడ వెనుక గడ్డలు తగులుతున్నా, జ్వరం వచ్చినా, కణతల చర్మం నున్నగా మెరుస్తూ వెంట్రుక మొదళ్ళే కనిపించకపోయినా రేపటికి వాయిదా వేయకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఉదయం ఓపీకి వెళ్తే చూస్తారు. వెళ్ళే ముందు రోజు నుంచి తలకు నూనె పెట్టకండి. జడ విప్పుకుని వెళ్ళండి. రెండు నెలలుగా రాస్తున్న ఆ ట్యూబును, పేల మందు సీసాను సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు చేతిలో పెట్టండి.