కన్సల్టెంటుగా సంతకం పెట్టబోతున్న మేనల్లుడికి

ఒంగోలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన 18 పేజీల ఒప్పంద పత్రాన్ని రెండు రాత్రులు కూర్చుని అక్షరం వదలకుండా చదివాను. ముత్తుకూరు దగ్గర రొయ్యల మేత మిల్లులో పదకొండేళ్లు ప్రొడక్షన్ చూసి, ఇప్పుడు ఉద్యోగం వదిలి, కావలి వైపు కొత్తగా పెడుతున్న మిల్లుకు కన్సల్టెంటుగా వెళ్లబోతున్నావు. అంటే నీకు రెండు వైపుల నుంచీ కట్టు ఉంది. పాత మిల్లులో చేరిన రోజున చదవకుండా సంతకం పెట్టిన గోప్యత పత్రం ఒకటి, కొత్త మిల్లు ఇప్పుడు పెట్టమంటున్న సంతకం ఇంకొకటి. ఫోనులో నువ్వు అడిగింది రెండోదాని గురించే గానీ, నాకు మొదటిదాని గురించే ఎక్కువ దిగులుగా ఉంది. అయినా నీ భయం ముందు తీరాలి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పదకొండో పేజీలో, ఒప్పందం ముగిసిన తరువాత అయిదేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఒడిశాలలో ఏ మేత తయారీ సంస్థకూ ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పనిచేయరాదని, చేస్తే 25 లక్షలు కట్టాలని రాశారు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఒక మనిషిని న్యాయమైన వృత్తి గానీ వ్యాపారం గానీ చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని దాని మంచిపేరు (గుడ్‌విల్)తో సహా అమ్మేసిన వాడి విషయంలో మాత్రం చట్టమే మినహాయింపు ఇచ్చింది. నువ్వు అమ్ముతున్నది నీ శ్రమనే కాబట్టి ఆ మినహాయింపు నీకు వర్తించదు. 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసులో, ఉద్యోగం నుంచి తీసేసిన మనిషిని ఆ తరువాత అదే పని సొంతంగా చేసుకోకుండా ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందం ముగిశాక కూడా చేతులు కట్టేసే షరతులను మన కోర్టులు సాధారణంగా అమలు చేయవు. కాబట్టి ఆ పదకొండో పేజీ చూసి నిద్ర పాడుచేసుకోవద్దు.

అయితే సెక్షనులో 'ఆ మేరకు' అన్న మాట ఉంది చూశావా, దాని దగ్గర ఆగాలి. చెల్లని షరతు ఒక్కటే పోతుంది గానీ మిగతా ఒప్పందమంతా నిలిచే ఉంటుంది, దానితో పాటు గోప్యత షరతులూ నిలుస్తాయి. పైగా ఒప్పందం నడుస్తున్న కాలంలో ఇంకొకరి దగ్గర పనిచేయవద్దన్న షరతు సంగతి పూర్తిగా వేరు. 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గోలికరీ కేసు ఇందుకు మూలం. కళ్యాణ్‌లో టైరు కార్డు నూలు తయారు చేసే సెంచురీ మిల్లు విదేశీ కంపెనీల నుంచి గోప్యత షరతు మీద సాంకేతిక పరిజ్ఞానం తెచ్చుకుంది. అందులో శిక్షణ పొందిన షిఫ్టు సూపర్‌వైజరు, అయిదేళ్ల ఒప్పందం పూర్తికాకముందే వదిలేసి కోటాలోని పోటీ సంస్థలో చేరాడు. ఒప్పందకాలం ముగిసేదాకా అక్కడ ఆ పని చేయరాదన్న నిషేధాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇప్పుడు నీ పత్రంలో నాలుగో పేజీ మళ్లీ చదువు. ఒప్పందం అయిదేళ్లు నడుస్తుంది, మిల్లు యాజమాన్యం 30 రోజుల నోటీసుతో నిన్ను వదిలించుకోవచ్చు, నువ్వు వదిలి వెళ్లే దారి మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ అయిదేళ్లూ వేరే మేత మిల్లు గడప తొక్కకూడదని ఏడో పేజీ చెబుతోంది. ముగిసిన తరువాతి అయిదేళ్లకు నువ్వు భయపడుతున్నావు గానీ, నిజంగా కాటు వేసేది నడుస్తున్న అయిదేళ్లే. కన్సల్టెంటు నలుగురికి పనిచేసి బతికేవాడు. ఒక్కరికే పనిచేయాలని కట్టడి చేస్తే, పీఎఫ్, గ్రాట్యుటీ లేని ఉద్యోగివి అవుతావు. అందుకని మూడు మార్పులు అడుగు. మొదటిది, నీకూ అదే 30 రోజుల నోటీసు హక్కు ఉండాలి. రెండోది, పోటీ అంటే 'ఏ మేత తయారీ' అని కాక, వనామీ రొయ్యల మేత అని, ఫలానా జిల్లాల్లో అని హద్దు గీయాలి. కోళ్ల మేత, చేపల మేత, పశువుల దాణా నీకు తెరిచి ఉండాలి. మూడోది, ఒక్కరికే కట్టుబడి ఉండాలంటే అందుకు తగిన రిటైనర్, అంటే పని ఉన్నా లేకున్నా నెలనెలా ఇచ్చే ఫీజు, ఇవ్వాలి. మొదటి దానికి వాళ్లు ఒప్పుకోకపోతే, మీ అమ్మ ఏమన్నా సరే, ఆ పని వదులుకోమనే నేను చెబుతాను.

ఇక గోప్యత సంగతి. వ్యాపార రహస్యాల కోసం మన దేశంలో ప్రత్యేకమైన చట్టం లేదు. 22వ లా కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో అలాంటి చట్టం కావాలని సిఫారసు చేసింది. చట్టం లేదు కదా అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మవద్దు. ఒప్పందాన్ని బట్టీ, నమ్మి చెప్పిన మాటను వాడుకోరాదన్న న్యాయసూత్రాన్ని బట్టీ కోర్టులు ఆజ్ఞలు ఇస్తూనే ఉన్నాయి. 1987లో ఢిల్లీ హైకోర్టు, పశువుల మేత మొలిపించే యంత్రం తాలూకు డ్రాయింగులను ఒక విడిభాగం సరఫరా కోసం నమ్మి చూపిస్తే, చూసినవాళ్లు అలాంటి యంత్రాన్నే తయారు చేయడం మొదలుపెట్టారన్న కేసులో వాళ్లను ఆపింది.

రహస్యం ఏది, నీ విద్య ఏది అన్నది తేల్చుకోవడమే ఇందులో కష్టమైన పని. ఆవిరి తగిలితే పిండిపదార్థం ఉడికి మేత గుళిక (పెల్లెట్) గట్టిపడుతుందన్నది అందరికీ తెలిసిన శాస్త్రం. ముడిసరుకు మెత్తగా నలగకపోతే మేత నీళ్లలో త్వరగా విడిపోతుందని దాన్ని పొడి చేసే పల్వరైజరు దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. గుళికలు దిగే అచ్చు (డై) మందం, రంధ్రం కొలతల సంగతి యంత్రం అమ్మినవాడి పుస్తకంలోనే ఉంటుంది. ఆవిరి పట్టించే కండిషనర్ నుంచి వస్తున్న పిండిని గుప్పిట పట్టి తేమ చాలిందో లేదో చెప్పగల ఒడుపు నీ చేతిది, దాన్ని ఏ కోర్టూ ఆ మిల్లుకు రాసివ్వదు. కానీ పాత మిల్లులో చేపపిండి తగ్గించి సోయా పెంచినప్పుడు గుళికను పట్టి ఉంచే ఏ బైండరు ఎంత శాతం కలిపితే మేత నీళ్లలో నిలిచిందో ఆ అంకె వాళ్లది. ఆ అంకె కోసం ఎన్ని టన్నుల మేత పారబోశారో నువ్వే నాకు చెప్పావు. చేపపిండి ఏ వ్యాపారి ఏ ధరకు ఇస్తాడన్నది, ఏ డీలరుకు ఎన్ని రోజుల అరువు నడుస్తుందన్నది కూడా వాళ్ల ఇంటి గుట్టే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా తప్పే. దాదాపు ఇరవై ఏళ్ల కిందట గుండ్లాపల్లిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి రెసిన్ లైన్ వేసే పని చేశాను. పలకకు ఎపాక్సీ పట్టించి ఓవెన్‌లో ఏ వేడిలో ఎంతసేపు ఉంచాలో తేలడానికి వారాల తరబడి ప్రయోగాలు చేశాం, బోలెడు గెలాక్సీ గ్రానైట్ పలకలు పాడయ్యాయి, ఆ నష్టమంతా యజమాని భరించాడు. మరుసటి ఏడాది చీమకుర్తి వైపు ఇంకొక ఫ్యాక్టరీ వాళ్లు అదే పని అడిగారు. కొత్తగా గీస్తే నాలుగు రాత్రులు పట్టేది. నేను పాత లేఅవుట్ డ్రాయింగునే కొలతలు కొద్దిగా మార్చి ఇచ్చాను. కుడివైపు కింది మూలన పేరూ డ్రాయింగు నంబరూ రాసే పెట్టెలో మొదటి ఫ్యాక్టరీ పేరు అలాగే ఉండిపోయింది. రెండు చోట్లా పనిచేసిన ఫిట్టరు ఒకడు దాన్ని చూశాడు. నోటీసు వచ్చింది, ఆ తరువాత పని ఆపమంటూ కోర్టు ఇంజంక్షన్ వచ్చింది, రెండో ఫ్యాక్టరీలో యంత్రాల బిగింపు ఏడు నెలలు ఆగిపోయింది. పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు, తీసుకున్న ఫీజు మొత్తం వెనక్కి ఇచ్చాను. మొదటి యజమాని ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆ పాడైన పలకల లెక్క కాగితం మాత్రం బల్ల మీద పెట్టాడు. నాకున్న విద్యతో నేను కొత్తగా గీసి ఇచ్చి ఉంటే ఎవరూ నన్ను అడిగేవారు కాదు. కాగితం వాళ్లది, అంకెలు వాళ్ల ఖర్చుతో తేలినవి, నేను వాటిని నావి అనుకున్నాను.

అప్పటి నుంచి ఏ ఫ్యాక్టరీ గేటు దాటినా ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమ పేజీలో ఆ పనికి నేను వెంట తెచ్చుకున్నవి, కుడి పేజీలో అక్కడ చూసినవీ అక్కడ తేలినవీ, ప్రతిదానికీ తేదీ. నువ్వూ సంతకానికి ముందే ఎడమ పేజీ పూర్తి చెయ్యి. పదకొండేళ్ల అనుభవంలో సాధారణ విద్య ఏది, పుస్తకాల్లోనూ, రొయ్యల, చేపల పెంపకం మీద పరిశోధించే చెన్నైలోని సిబా సంస్థ ప్రచురణల్లోనూ, యంత్రాల మాన్యువళ్లలోనూ దొరికేది ఏది అన్నది విడివిడిగా రాసి, దాన్ని ఒప్పందానికి షెడ్యూలుగా జతచేసి, రెండు పక్షాలూ ప్రతి పేజీ మీదా పొట్టి సంతకాలు పెట్టేలా చూడు. ఆ షెడ్యూలులో పాత మిల్లు అంకె ఒక్కటి కూడా ఉండకూడదు. అలాగే, పాత యజమాని రహస్యాలేవీ నేను తీసుకురాను, మీరు అడగరాదు అన్న వాక్యం ఒకటి పెట్టించు. కొత్త యాజమాన్యం ఆ వాక్యానికి వెనకాడితే, వాళ్లకు కావలసింది నీ విద్యా, పాత మిల్లు ఫార్ములానా అన్నది నీకు అప్పుడే తెలిసిపోతుంది.

పాత మిల్లు నుంచి బయటికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్, ఫైళ్లు, గుర్తింపు కార్డు అప్పగించి రసీదు తీసుకో. ప్యానెల్ బోర్డు సెట్టింగుల ఫోటోలు ఫోనులో ఉన్నాయని మొన్న అన్నావు, వాటిని వాళ్లకు చెప్పి వాళ్ల ఎదుటే తీసెయ్యి, ఆ సంగతి ఒక మెయిలులో రాయి. వాళ్ల వాట్సాప్ గ్రూపుల నుంచి బయటికి రా. అనుమతి లేకుండా కంప్యూటరులోని సమాచారాన్ని పెన్‌డ్రైవులోకి దింపుకుంటే అది సివిల్ తగాదాగా ఆగదు. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం కావచ్చు.

కొత్త ఒప్పందం తొమ్మిదో పేజీలో నువ్వు తయారు చేసేవన్నీ వాళ్ల సొత్తని ఉంది. ఉద్యోగి గీసిన డ్రాయింగు మీద కాపీరైటు సాధారణంగా యజమానిది. కన్సల్టెంటుది అలా కాదు, లిఖితపూర్వకంగా రాసిస్తేనే చేతులు మారుతుంది. ఎంతకాలమో రాయకపోతే 1957 కాపీరైటు చట్టం ప్రకారం అది అయిదేళ్లకే పరిమితం. వాళ్ల మిల్లు కోసం గీసినవి వాళ్లకు రాసివ్వు, అది న్యాయమే. పూర్తి ఫీజు అందిన తరువాతే హక్కు బదిలీ అవుతుందని ఒక్క వాక్యం కలుపు. నీ లెక్కల పద్ధతులు, నమూనా పట్టికలు నీ దగ్గరే ఉండాలి.

ఆ 25 లక్షల గురించి కూడా ఒక మాట. ఒప్పందంలో రాసినంత మాత్రాన ఆ మొత్తం వాళ్ల చేతికి రాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను కింద కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. అలాగని డబ్బు షరతులన్నీ ఎలాగూ కొట్టేస్తారనుకోవద్దు. గడువుకు ముందే రాజీనామా చేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది.

చివరికి గెలిచే కేసులో కూడా మధ్యలో వచ్చే ఇంజంక్షనే మనిషిని కుంగదీస్తుంది. నీ మాట వినకుండానే తాత్కాలిక ఉత్తర్వు రావచ్చు. పాత మిల్లు నుంచి లాయరు నోటీసు వచ్చిందంటే ఆ రోజే మీ నెల్లూరు లాయరును కలిసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద నా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోరే కేవియట్ వేయించు. అది 90 రోజులు అమలులో ఉంటుంది, ఆ లోగా వాళ్లు దరఖాస్తు పెడితే నీకు ముందుగా కబురు అందాలి. కొత్త ఒప్పందంలో తగాదాలు ముంబైలో ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయటి మధ్యవర్తి తీర్పుకు, వెళ్లాలనీ, ఆర్బిట్రేటరును మిల్లు మేనేజింగ్ డైరెక్టరే నియమిస్తాడనీ ఉంది. తగాదాలో ఉన్నవాడే ఏకపక్షంగా ఆర్బిట్రేటరును నియమించడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, కాబట్టి దాన్ని మార్చమను. ముంబై అన్న చోట నెల్లూరు అనో, కనీసం విజయవాడ అనో రాయించు. ప్రతి వాయిదాకూ ముంబై రైలు ఎక్కే స్తోమత నీకు లేదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఫీజు బకాయిల కోసం పని మొదలుపెట్టక ముందే చిన్న సంస్థల కోసం ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకో. చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా చెల్లించాలన్న నియమం నీకు అండగా ఉంటుంది.

నేను ఇంజనీరునే గానీ లాయరును కాను. సంతకానికి ముందు ఈ ఉత్తరమూ ఆ పత్రమూ రెండూ లాయరు చేత చదివించు. వాళ్లిచ్చిన గడువు ఈ నెలాఖరు కదా, ఈలోగా ఆదివారం ఒంగోలు రా. పాత మిల్లులో చేరినప్పుడు సంతకం పెట్టిన ఆ గోప్యత పత్రం నకలు అడిగి తీసుకునిరా, అందులో నువ్వు ఏమని ఒప్పుకున్నావో నేను ఇంతవరకు చూడలేదు. కొత్త నోటుబుక్కు ఒకటి కొని ఉంచాను. ఎడమ పేజీ ఇద్దరం కలిసి రాద్దాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య