సైకిల్ తొక్కితే ఒకవైపే ఒరుసుకుపోతుంటే మొదట సీటు ఎత్తు చూడండి
సైకిల్ మీద 60 కిలోమీటర్లు దాటాక, సీటుకు తగిలేచోట కుడివైపే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతోందని అడిగారు కదా, ఒకవైపే అంటే షార్ట్స్ కంటే ముందుగా సీటు ఎత్తునే అనుమానించాలి. సీటు మరీ ఎత్తుగా ఉంటే పెడల్ అందక నడుము అటూ ఇటూ ఊగుతుంది. చర్మం ఒరిసేది అందుకే. 3 మిల్లీమీటర్ల చొప్పున దించి చూడండి. మడమ పెడల్ మీద ఆనించి కిందిదాకా తొక్కితే, నడుము పక్కకు ఒరగకుండానే కాలు నిటారుగా రావాలి. మెత్తగా ఉంటుందని జెల్ సీటు కొనకండి, పిరుదుల ఎముకలు అందులోకి దిగబడి, కాళ్ల మధ్యభాగం నొక్కుకుంటుంది.

ప్యాడ్ షార్ట్స్ (సీటు తగిలేచోట మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కర్లు) లోపల లోదుస్తులు వద్దు, వాటి కుట్లే కోస్తాయి. ఒరుసుకునేచోట షామీ క్రీమ్ (చర్మం ఒరుసుకోకుండా సైక్లిస్టులు రాసుకునే క్రీమ్) రాసి, పావుగంటకోసారి లేచి తొక్కండి. దిగగానే తడి షార్ట్స్ మార్చి, కడిగి, ఆరనివ్వండి.

ఇప్పుడున్న పుండు మానేదాకా సైకిల్ ఎక్కొద్దు. గడ్డ కడితే చిదమకండి. ఎర్రదనం పాకినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించాల్సిందే.