వెనక వరస పీకే ముందు

చిరంజీవి సూరిబాబుకి, మావయ్య దీవించి రాసేది.

నర్సరీ వెనక వరసలోని పాత మొక్కలు తీసేసి, ఆ జాగాలో షేడ్‌నెట్ వేసి థాయిలాండ్ సరుకు దించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. కడియంలో గజం జాగా విలువెంతో నాకు తెలీక కాదు. వ్యాపారం చెయ్యి, వద్దనను. పార పట్టే ముందు మాత్రం ఆ వరసలో ఏమున్నాయో ఒకసారి చూసుకో.

ముద్ద నందివర్ధనం ఉంది, పాతకాలపు ముద్ద మందారాలున్నాయి. ముద్ద పూలకు గింజ కట్టడం అరుదురా. పుప్పొడి ఇవ్వాల్సిన కేసరాలే చాలావాటిలో రేకులైపోతాయి. వాటిని ఇన్ని తరాలు బతికించింది ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి వెళ్లిన కొమ్మలే. ఆఖరి మొక్క ఎండిపోతే ఆ రకం పోయినట్టే, దాచుకోడానికి విత్తనం కూడా ఉండదు. వరసంతా ఉంచమనను. రకానికి మూడు మొక్కలుంచు, అందులో ఒకటి వేరే ఊళ్లో పెట్టు. కొమ్మతో పెంచినవన్నీ ఒకే మొక్కకు నకళ్లు కదా, పిండినల్లి ఒకదాన్ని పట్టిందంటే పక్కదాన్నీ వదలదు.

కాగితం పూల దగ్గర, అదే బోగన్‌విల్లా దగ్గర, ఇంకాస్త జాగ్రత్త కావాలి. మేరీ పామర్ అనే రకం ఒకే మొక్క మీద తెల్లవీ గులాబీవీ పూస్తుంది. ఏదో ఒక రంగుకే తిరిగిపోయిన కొమ్మ తీసి నాటితే నీకు మిగిలేది ఆ ఒక్క రంగే. రెండు రంగులూ ఉన్న కొమ్మనే కత్తిరించు, అది కూడా పూత మీదున్నప్పుడు గుర్తు కట్టి పెట్టుకుని. అమ్ముడుపోవడానికి కొత్త పేర్లు తగిలించే అలవాటు మనవాళ్లకుంది, తల్లి మొక్కల దగ్గర మాత్రం అది పనికిరాదు. బోగన్‌విల్లా రకాల పేర్లను ప్రపంచం మొత్తానికీ నమోదు చేసేది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థే. అసలు పేరు, ఎవరి తోట నుంచి వచ్చింది, ఏ సంవత్సరం, ఈ మూడూ అల్యూమినియం రేకు మీద మేకుతో గీసి వేలాడదియ్యి. మార్కర్ రాత మన ఎండకు నిలవదు.

చెట్ల సంగతి వేరు. రేల, పొగడ, సంపెంగలను గింజతోనే పెంచు, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉండటమే వాటి బలం. రోడ్డు పక్క ఒక్క రేల చెట్టు కాయలన్నీ దులిపి సంచి నింపుకొస్తే ఆ నారంతా ఒకే తల్లి పిల్లలు. దూరదూరంగా ఉన్న పది చెట్ల నుంచైనా తలా కాసిని తెచ్చుకో. రేల గింజ పెంకు గట్టిది, ఏళ్ల తరబడి నిలవుంటుంది, వేడినీళ్లలో నానబెడితే గాని సరిగ్గా మొలవదు. సంపెంగ గింజ అలా ఆగదు. ఎర్రటి గుజ్జు కడిగేసి ఆ వారంలోనే నారు పొయ్యాలి. అసలు అశోకం గింజా అంతే, ఎండబెట్టావో చచ్చిపోతుంది. నిటారుగా పెరిగే నరమామిడిని అశోకమని అమ్ముతుంటారు గనక, పూత చూడకుండా ఆ గింజలు కొనకు.

వానలు పట్టుకోగానే ముద్ద పూలవీ కాగితం పూలవీ పెన్సిల్ లావు కొమ్మలు కోసి ఇసుక మడిలో గుచ్చెయ్యి. వేళ్లు పట్టాక రకానికొకటి చొప్పున బస్సులో నాకు పంపు, పేరు రేకులు మర్చిపోకు. మా పెరట్లో జాగా ఉంది.

ఇట్లు,
మీ మావయ్య