బాయిలర్ వెలిగించే ముందు

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, పాత ఆవిరి ఇంజన్‌ను వెతికి బాగుచేసే వాళ్ళతో కలుస్తున్నావని చెప్పింది. ఆ ఇంజన్‌తో జనాన్ని విహారానికి తిప్పుతారట కదా. మన ఇంట్లో నా తర్వాత బొగ్గు మసి మీద మనసు పడేది నువ్వవుతావని ఎప్పుడూ అనుకోలేదు. సంతోషం పట్టలేక వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. రాత్రి పడుకున్నాక మాత్రం భయం వేసింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు పట్టా చూసుకో, ఆ తర్వాతే ఇంజన్. సన్న పట్టాల మీద, అంటే మీటర్ గేజ్ మీద నడిచే వై.పి. రకం ఇంజన్లు స్టేషన్ల ముందు దిమ్మెల మీద కనిపిస్తాయి, చూస్తే ముద్దొస్తాయి. కానీ మన వైపు మీటర్ గేజ్ పట్టాలు దాదాపు అన్నీ వెడల్పాటి బ్రాడ్ గేజ్ అయిపోయాయి. దాన్ని బాగుచేసి ఎక్కడ నడుపుతావు? 1947లో వచ్చిన, బ్రాడ్ గేజ్ మీద నడిచే తుపాకీ గుండు మూతి డబ్ల్యూ.పి. లాంటిది దొరికితే ఆలోచించు.

దిమ్మె మీది ఇంజన్ రంగు చూసి మోసపోవద్దు. చిమ్నీలోంచి పడిన వాన నీళ్ళు దాని కిందున్న పొగపెట్టె అడుగున పాత బూడిదతో కలిసి ఇనుమును తినేస్తాయి. చిన్న సుత్తి పట్టుకెళ్ళి అడుగున తట్టు. ఖంగుమంటే పర్వాలేదు. మొద్దుగా పలికితే ఇంకోటి వెతుక్కో. డ్రైవర్ నిలబడే క్యాబ్ మీద రాసిన నంబరు కూడా నమ్మకు, చక్రాలను కలిపే రాడ్ల మీద కొట్టిన నంబర్లు చూడు. వర్క్‌షాపుల్లో ఒకదాని భాగాలు ఇంకోదానికి వేయడం మామూలే. ఇత్తడి, రాగి సామాను ఉంటుందని ఆశ పెట్టుకోకు.

బాయిలర్ చుట్టూ ఉన్న తెల్లటి పూతను మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. అది ఆస్‌బెస్టాస్. మేము చేత్తో కలిపి, చేత్తో పూసి, అదే చేత్తో అన్నం తిన్నాం. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ముప్పై ఏళ్ళకైనా ప్రాణం తీస్తుంది. దాన్ని తీయడం తెలిసిన వాళ్ళతోనే తీయించండి. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇంత పాతది నడుస్తుందా అని ఎవరైనా నవ్వితే, చెన్నైలో మన అయనావరం పక్కనే ఉన్న రైలు ఇంజన్ల కార్ఖానా, పెరంబూర్ లోకో వర్క్స్ సంగతి చెప్పు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఈ.ఐ.ఆర్. 21 ఇంజన్ వందేళ్ళు బొమ్మలా నిలబడిపోతే, 2010లో దానికి మళ్ళీ ఊపిరి పోసింది ఇక్కడే.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు ఇంతవరకు చెప్పలేదు.

అప్పుడు నేను షెడ్డులో బాయిలర్ పనిలో కొత్తగా చేరాను. ఊరి పేరు వద్దులే. ఆ సాయంత్రం ఒక ఇంజన్‌కు వాష్ అవుట్, అంటే బాయిలర్ లోపల కడగడం, అయింది. నీటి మట్టం చూపించే గాజు గొట్టానికి పైన ఒక దారి, కింద ఒక దారి ఉంటాయి. రెండిట్లోనూ ఊచ పెట్టి, నీళ్ళ ఉప్పుతో పేరుకున్న పక్కు తీయాలి. పైది తీశాను. కిందిదాని బిరడా బిగుసుకుపోయింది. దానికి పెద్ద స్పానర్ కావాలి, అది షెడ్డు అవతలి చివర ఉంది. మర్నాడు పొద్దున మీ అమ్మ బారసాల. మేనమామను, నేను లేకుండా ఎలా అని రాత్రి పాసింజర్ అందుకోవాలన్న తొందరలో, రెండూ శుభ్రం చేశానని పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళిపోయాను.

ఆ ఇంజన్‌కున్న రెండో గాజు పగిలిపోయి అప్పటికే మూసి ఉంది. ఉన్న ఒక్క గాజులో నీళ్ళు సగానికి నిలబడి కనిపించాయి. కింది దారి పూడిపోతే, లోపల నీళ్ళు తగ్గుతున్నా గాజులో తగ్గవు తల్లీ. పైనుంచి వచ్చిన ఆవిరి చల్లబడి కాస్త పెరుగుతాయి కూడా. ఇంజన్ దారిలో ఉండగా మంటపెట్టె పైకప్పు మీద నీళ్ళు లేక ఎండిపోయి, అలాంటప్పుడు కరగడానికే అక్కడ పెట్టిన సీసం బిరడా కరిగింది. ఆవిరి మంట మీదికి దూకింది. ఆ క్షణానే ఫైర్‌మన్ బొగ్గు వేద్దామని తలుపు తెరిచాడు.

బతికాడు. నేను ఊళ్ళో మీ అమ్మను ఒళ్ళో పెట్టుకుని చెవిలో పేరు చెప్పి వచ్చేసరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కట్లు. నా సంతకం సంగతి నేనే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. "గ్లాసు పట్టుకో, దాహంగా ఉంది" అన్నాడు. నీళ్ళు తాగిస్తుంటే నా చెయ్యి వణికి ఆయన గడ్డం మీద ఒలికాయి. నాకు శిక్ష పడింది, ఇంక్రిమెంటు ఆగింది. అవేవీ గుర్తు లేవు. ఆ గడ్డం మీద నీళ్ళు గుర్తున్నాయి.

కాబట్టి విను. వెలిగించే ముందు ఒకసారి, కదిలే ముందు ఒకసారి, దారిలో ఆగిన ప్రతిచోటా గాజును ఊది చూడాలి. కింది డ్రెయిన్ తిప్పి నీళ్ళు వదులు, మూసెయ్. నీళ్ళు ఒక్క ఊపున పైకి దూకాలి. మెల్లగా పాకుతూ వస్తే దారి పూడుతోందని అర్థం. మంట ఆర్పించు. లోపల జనం ఎదురు చూస్తున్నా, మంత్రిగారు జెండా పట్టుకుని నిలబడినా సరే. రెండు గాజుల్లో ఏ ఒక్కటి పనిచేయకపోయినా ఇంజన్ షెడ్డు దాటకూడదు. చెన్నై బోరు నీళ్ళు పొరపాటున కూడా పోయకండి. మన ఇంట్లో గీజర్‌కు పట్టిన పక్కు నువ్వే చూశావు కదా. చల్లటి బాయిలర్‌ను తొందరపెట్టి వేడి చేయొద్దు, రాత్రంతా చిన్న మంట మీద మెల్లగా ఎక్కనివ్వాలి. ఆ రాత్రి నువ్వు అన్నం తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో ఉంటే చూపు ఆనదు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు గొడవ పడకు. ఆ ఫైర్‌మన్ సంగతి కూడా ఈసారి చెప్పేస్తాను.

మొదటిసారి వెలిగించే రోజు ముందే చెప్పు. మోకాళ్ళ నొప్పులున్నా ఆటోలో వస్తాను. క్యాబ్‌లో గాజు ఎదురుగా నాకొక స్టూలు వేయించు. బిరడా విప్పే పెద్ద స్పానర్ నేనే తెస్తాను.

మీ తాతయ్య