గుర్రం కనబడితే గట్టిగా పిలువు

చిరంజీవి చిన్నికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ తెనాలిలో మేమంతా క్షేమం. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

అక్టోబరు ఆఖర్లో ఒక్కదానివే ఇంగ్లండ్‌లో కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే అనే సైకిల్ దారి తొక్కబోతున్నావట. మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, ఈ పిచ్చి నీకు అంటించింది నేనేనని నన్ను కడిగేసింది. తిట్లు తింటూనే లోపల పొంగిపోయాననుకో. కానీ 350 కిలోమీటర్లు నాలుగు రోజుల్లోనా? సైకిల్ కొని ఎన్నాళ్లయిందే నువ్వు? ఆరు రోజులు పెట్టుకో. సెలవు లేకపోతే సగమే తొక్కు, ఎవరూ కొట్టరు.

సైక్లింగ్ యూకే అనే సైకిలిస్టుల సంస్థ వాళ్లు 2020లో ఆ రూటుకి ఆ పేరు పెట్టారు. నేను స్విండన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ పేరు లేదు గానీ, అందులో వచ్చే రిడ్జ్‌వే అనే పాత కొండదారి ముక్క మాత్రం నాకు కొట్టిన పిండి. అందరూ వించెస్టర్‌లో ఆల్ఫ్రెడ్ రాజు విగ్రహం దగ్గర ఫోటో దిగి బయల్దేరతారు. అది గుండ్రంగా తిరిగొచ్చే దారి, మీ రెడింగ్ మీదుగానే పోతుంది కాబట్టి నువ్వు ఇంటి గుమ్మంలోంచే మొదలుపెట్టవచ్చు. రైలూ వద్దు, సైకిల్‌కి రిజర్వేషన్ టెన్షనూ వద్దు. గోరింగ్ దగ్గర థేమ్స్ దాటి స్ట్రీట్లీలోంచి ఎక్కితే రిడ్జ్‌వే వచ్చేస్తుంది. అక్కణ్ణించి ఏవ్‌బరీ దాకా కొండ నెత్తి మీదే ప్రయాణం.

లైట్లు, పంపు, అదనంగా ఒక ట్యూబు, పవర్ బ్యాంకు, వాన కోటు. ఇవి నీకు చెప్పక్కర్లేదు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ తర్వాత అయిదు కాకముందే పొద్దు గూకుతుంది. ఏ రోజైనా మూడింటికల్లా రాత్రి బస దరిదాపుల్లో ఉండేలా చూసుకో. ఆ కొండలన్నీ సుద్దమట్టి. ఎండలో తెల్లగా ముద్దొస్తుంది, తడిస్తే సబ్బే. వాన పడ్డాక దిగుడులో బండి చక్రాలు చేసిన గాళ్లు ఉంటాయి. వాటిలో ముందు చక్రం పడితే తిప్పడానికి చూడకు, దిగి నడిపించు. చెకుముకి రాళ్లు టైరు పక్కగోడని బ్లేడులా కోస్తాయి. ట్యూబ్‌లెస్ టైర్లలో చిల్లులు పూడ్చడానికి పోసే సీలెంట్ ద్రవం ఆ కోతని పూడ్చదు, అందుకే ఆ అదనపు ట్యూబు.

దారి ఎవరిదో చూసుకుని తొక్కు. గేటు స్తంభం మీద బాణం పసుపు రంగులో ఉంటే నడిచేవాళ్ల కాలిబాట, మనకి హక్కు లేదు. నీలం అయితే బ్రైడిల్‌వే, అంటే గుర్రాలూ పోయే బాట. ఊదా గానీ ఎరుపు గానీ అయితే బైవేలు, అంటే బండ్లు కూడా పోయే దారులు. వీటి మీద తొక్కవచ్చు. బ్రైడిల్‌వే మీద సైకిళ్లకి 1968 చట్టంతో హక్కు వచ్చింది, కానీ నడిచేవాళ్లకీ గుర్రం మీద వచ్చేవాళ్లకీ మనమే దారివ్వాలని అందులోనే రాసుంది. ఆ రెండో మాట కోసమే ఇంత ఉత్తరం.

అఫింగ్టన్ కొండ మీద మూడు వేల ఏళ్ల నాటి తెల్లగుర్రం ఉంది. కందకాలు తవ్వి సుద్ద నింపి చేసిన బొమ్మ, 110 మీటర్ల పొడవు. దానికి కాస్త దూరంలో వేలాండ్స్ స్మిథీ అని రాతి సమాధి. వెండి నాణెం పెట్టి గుర్రాన్ని అక్కడ వదిలిపోతే తెల్లారేసరికి కనబడని కమ్మరి నాడాలు కొట్టి ఉంచుతాడని కథ. దక్షిణాన లాంబోర్న్‌లో అడుగడుగునా పందెపు గుర్రాల శిక్షణ. అంటే ఆ చుట్టుపక్కల గుర్రం ఎదురుపడకుండా పోదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆ సమాధి దాటి వెళ్తున్నాను. ముందు ఒక పెద్దావిడ గోధుమరంగు గుర్రం మీద నెమ్మదిగా పోతోంది. బెల్ కొడితే కసురుకుంటుందేమో, పిలిస్తే నా యాస విని ఏమనుకుంటుందో అని మొహమాటం. ఆస్పత్రి కౌంటర్లో రోజంతా మాట్లాడేవాణ్ణి, బయటికొస్తే నోరు పెగిలేది కాదు. గడ్డి అంచున చప్పుడు లేకుండా దాటిపోదామనుకున్నాను. గుర్రానికి సరిగ్గా తోక వెనక ఏముందో కనబడదు. ముందు దాని ఒక చెవి వెనక్కి తిరిగింది. అప్పుడైనా నోరు తెరవలేదు నేను. రెండో చెవి తల మీదికి వాలిపోయింది. అంతే, పక్కకి ఎగిరి వెనక కాళ్లు ఝాడించింది. నా చక్రం వంకర పోయింది, అది లెక్కలోది కాదు. ఆవిడ చెకుముకి రాళ్ల మీద పడింది.

భుజం ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. పడ్డ మనిషి ముందు అడిగింది తన సంగతి కాదు, గుర్రాన్ని పట్టుకోమని. పగ్గం ఎలా పట్టుకోవాలో నాకు తెలీదు. చెయ్యి చాపితే అది ఇంకా బెదిరింది. నేలమీద కూర్చునే ఆవిడ నాకు ఒక్కో మాటా చెప్పింది: ఎదురుగా నిలబడకు, పక్కనుంచి రా, మాట్లాడుతూ రా. ఏం మాట్లాడాలని అడిగాను. "ఏదైనా సరే, దానికి ఇంగ్లీషూ రాదు" అంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆ గుర్రానికి తెలుగులోనే చెప్పాను, "ఏం కాదమ్మా, ఏం కాదు" అని. అది విని నిలబడింది కూడా.

నీకిది ఎందుకు చెప్తున్నానంటే నువ్వూ నాలాంటిదానివే. చిన్నప్పుడు మా వీధిలో సైకిల్ నేర్చుకుంటూ మురుక్కాలవలో పడి, ఒక్క కేకైనా వెయ్యకుండా బురదతో వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కున్నావు. మోకాలు చీరుకుపోయిందని మర్నాడు మీ అత్తయ్య చూస్తేగానీ తెలీలేదు. ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదని నువ్వు పడే పాట్లు నాకు తెలుసు. అది మంచితనమని ఇంట్లో మేమంతా మెచ్చుకున్నాం. ఆ కొండ మీద మాత్రం దాన్ని పక్కన పెట్టు తల్లీ.

గుర్రం వెనక వెళ్తుంటే దూరం నుంచే వేగం తగ్గించి హలో అను. వినబడకపోతే ఇంకా గట్టిగా. వాళ్లు తిరిగి చెయ్యి ఊపేదాకా ఆగు, తర్వాత ఎడంగా, నెమ్మదిగా దాటు. గుర్రం చెవులు వెనక్కి పడుకుంటే దిగిపో. దూడలున్న ఆవుల మందలోనూ అంతే, తల్లికీ పిల్లకీ మధ్య దూరకు. సాలిస్‌బరీ మైదానంలో సైన్యం వాళ్ల ఎర్రజెండా ఎగురుతుంటే ఆ గేటు దాటకు. నీళ్లయిపోతే పొలం ఇంటి తలుపు తట్టు. దారి తప్పితే కుక్కతో నడుస్తున్న ఎవర్నైనా అడుగు, వాళ్లకి చెప్పడమంటే సరదా. ఏమాత్రం తేడా వచ్చినా అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చెయ్యి, "వాళ్లకెందుకు శ్రమ" అనుకోకు.

అత్తయ్య కందిపొడి, కారప్పూస పార్శిల్ చేస్తోంది. బరువని వదిలెయ్యకు, ఆ చలిలో చాక్లెట్లతో కడుపు నిండదు. ప్రతి సాయంత్రం ఎక్కడున్నావో ఒక్క మెసేజ్ పెట్టు.

మీ అమ్మకి మాత్రం అదంతా పార్కులాంటి దారి అని చెప్పాను. గుర్రాల సంగతి ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు.

ఇట్లు,
నీ మామయ్య