బరంపురం నుంచి కోరాపుట్ బస్సులో ఏ ఆటలు ఆడించాలి? – సమాధానం

కుటుంబమంతా కలిసి చేసే బస్సు ప్రయాణంలో ఏ ఆటలు ఆడించాలని అడిగారు. అంత్యాక్షరి గంటకే చప్పబడిపోతోందని, తెలుగు అంతగా రాని ఒడియా కోడళ్లు పక్కకు తప్పుకుంటున్నారని రాశారు కదండీ. అయితే భాషతో పనిలేని ఆటతో మొదలుపెట్టండి.

మీ దారికి నంబర్ ప్లేట్ల ఆట బాగా కుదురుతుంది. కుడి కిటికీల వాళ్లు ఒక జట్టు, ఎడమ వాళ్లు ఇంకో జట్టు. ప్లేటు మీద ఓడీ అంటే ఒడిశా, పక్కనున్న అంకె జిల్లాది. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో ఓడీ 07 బళ్లే ఎక్కువ కాబట్టి దానికి ఒక్క పాయింటే. గజపతి ఓడీ 20కి రెండు, రాయగడ 18కి మూడు, కోరాపుట్ 10కి ఐదు. పాత ఓఆర్ ప్లేటు దొరికితే ఏకంగా పది. 2012 నుంచి కొత్త బళ్లకు ఓడీయే ఇస్తున్నారు. ఒక్క చిక్కుంది. ఎదురొచ్చే బళ్లన్నీ కుడివైపే పోతాయి, ఎడమ జట్టు గొడవకు దిగడం ఖాయం. అందుకే గజపతి జిల్లాలోని మోహనా దగ్గర టీకి ఆగినప్పుడు వైపులు మార్చేయండి, పాయింట్లు కూడా కొత్త జిల్లాకు తగ్గట్టు సవరించండి.

తర్వాత హౌసీ, అంటే పిలిచిన అంకె టికెట్‌లో ఉంటే కొట్టేసే తంబోలా. 90 అంకెలు, టికెట్‌కి 15, అందరికీ తెలిసిందే. ఒక అంకె తెలుగులో, తర్వాతది ఒడియాలో పిలవండి. అమ్మమ్మలు మనవల్ని "ఏమన్నాడ్రా?" అని అడగడంలోనే సగం సరదా ఉంటుంది.

దారిలో తప్తపాణి ఘాట్ (కొండ దారి) ఎక్కేటప్పుడు మాత్రం టికెట్లు, ఫోన్లు లోపల పెట్టించండి. తల వంచి చూస్తే వాంతులే. అక్కడ పొడుపు కథలు మేలు. నడవలో నిలబడి ఆడే ఆటలు అసలు వద్దండీ, డ్రైవర్ బ్రేకు వేస్తే ముందుకు పడతారు.