చూడకుండా సెకండ్‌హ్యాండ్ కెమెరా కొంటున్నారా? ముందు ఒక ఫైల్ అడగండి

ఈ వారం వచ్చిన సందేహాల్లో చాలావరకు ఒకే విషయం గురించి ఉన్నాయి. వేరే ఊళ్లో ఉన్న మనిషి దగ్గర కెమెరా, లెన్స్, టెలిస్కోప్, డ్రోన్ లాంటి ఖరీదైన వస్తువులను చూడకుండా కొనడం ఎలా? ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఒక్క పూటలో పోగొట్టుకున్నవాళ్ల ఉత్తరాలు కూడా ఇందులో ఉన్నాయి. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు తీసుకోవడం లేదు.

*పక్షుల ఫోటోలు తీయడం నా సరదా. నికాన్ డీ850 బాడీ, 200-500 లెన్స్ కలిపి లక్షా పది వేలకు ఇస్తానని ఢిల్లీలో ఒకాయన ప్రకటన పెట్టారు. బయట అడిగితే ఇంకో 30, 40 వేలు ఎక్కువ చెబుతున్నారు. ఆయన ఆర్మీలో పనిచేస్తారట, బదిలీ వచ్చిందట. ఆధార్, క్యాంటీన్ కార్డు, కెమెరా ఫోటోలు వాట్సాప్‌లో పంపారు. సగం అడ్వాన్స్ వేస్తే కొరియర్ చేస్తానంటున్నారు. వేయమంటారా?*
*– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం*

వేయకండి. ఆర్మీ ఉద్యోగం, బదిలీ, తక్కువ ధర, అడగకముందే పంపిన గుర్తింపు కార్డులు, ఈ నాలుగూ కలిసి వచ్చే మోసం మన దేశంలో చాలా ఏళ్లుగా నడుస్తోంది. బైకులు, కార్ల ప్రకటనలతో మొదలై ఇప్పుడు కెమెరాల దాకా వచ్చింది. ఆ కార్డులు చాలాసార్లు ఇంతకుముందు మోసపోయిన ఇంకెవరివో అయి ఉంటాయి. ఆధార్ కాపీ చూసి మీకు తెలిసేది ఒక్కటే, ఆ కాపీ ఆయన ఫోన్‌లో ఉందని. కెమెరా ఆయన దగ్గర ఉందో లేదో దానివల్ల తెలియదు. మీరు అడ్వాన్స్ వేశాక జీఎస్టీ అని, గేట్ పాస్ అని, తర్వాత తిరిగిచ్చే సెక్యూరిటీ డిపాజిట్ అని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతారు. వేసిన డబ్బు పోతుందేమోనన్న టెన్షన్‌తో మనిషి మళ్లీ మళ్లీ వేస్తాడు.

అయినా ఆయన నిజమైన మనిషే కావచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అనిపించడం సహజమే. అది తేల్చుకోవడానికి కార్డులు కాదు, వస్తువు చేతిలో ఉన్నవాడు మాత్రమే చేయగల పని ఒకటి ఆయనకు చెప్పండి. ఒక కాగితం మీద మీ పేరు, ఈ రోజు తేదీ రాసి, అమ్మే కెమెరాతోనే, అమ్మే లెన్స్‌తోనే దాన్ని ఫోటో తీయమనండి. కెమెరాను ఫోన్‌తో తీసిన ఫోటో పనికిరాదు. ఆ ఫోటో జేపెగ్ (మామూలు ఫోటో ఫైల్), రా (సెన్సర్ నుంచి వచ్చిన సమాచారాన్ని కెమెరా ఉన్నదున్నట్టు దాచే ఫైల్) రెండూ గూగుల్ డ్రైవ్‌లో పెట్టమనండి, లేదా వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా ఫోటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించి, లోపలి సమాచారమంతా తీసేస్తుంది.

ఆ లోపలి సమాచారమే మనకు కావాలి. నికాన్ ఫైల్‌లో కెమెరా మోడల్, లెన్స్ పేరు, తీసిన సమయం, బాడీ సీరియల్ నంబరు, అప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క (షట్టర్ కౌంట్), అన్నీ ఉంటాయి. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో వేసుకుంటే ఇవి కనిపిస్తాయి. ఫైల్‌లోని సీరియల్ నంబరు, కెమెరా మీది నంబరు, కొన్నప్పటి బిల్లు మీది నంబరు మూడూ ఒకటే కావాలి. జేపెగ్‌లో వివరాలు మార్చడం తెలిసినవాళ్లకు పెద్ద పని కాదు. రా ఫైల్ కూడా అడగమన్నది అందుకే.

ఇంత చేసినా ఒక మోసం మిగిలిపోతుంది. దీని గురించి చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అసలు యజమాని పెట్టిన ప్రకటనను మూడో మనిషి కాపీ కొట్టి, తక్కువ ధరకు తన పేరుతో పెడతాడు. మీతో అమ్మేవాడిలా, అసలు యజమానితో కొనేవాడిలా మాట్లాడతాడు. మీరు అడిగిన ఫోటోను తను అడుగుతున్నట్టు యజమానిని అడుగుతాడు. ఆయన మంచి మనిషి, నిజంగానే తీసి పంపుతాడు. అది మీకు చేరుతుంది. పరీక్షలన్నీ పాస్ అవుతాయి, డబ్బు మాత్రం మధ్యవాడి ఖాతాకు వెళుతుంది. కెమెరా ఉన్న ఆయనకు మీరెవరో కూడా తెలియదు.

దీన్ని పట్టుకోవడానికి ముగ్గురూ తప్పించుకోలేని ఒక వీడియో కాల్ కావాలి. కెమెరా చేతిలో ఉన్న మనిషి ముఖం కనిపించాలి. ధర ఎంతో, డబ్బు ఏ ఖాతాలో వేయాలో ఆయన నోటితోనే చెప్పాలి. "మా అన్నయ్య కెమెరా, ఆయనతో ధర గురించి మాట్లాడకండి, ఆయనకు నేను డబ్బు బాకీ ఉన్నాను" లాంటి మాట ఒక్కటి వినిపించినా అక్కడితో ఆపేయండి. డబ్బు వేసే ముందు ఖాతాదారు పేరు చూడండి. యూపీఐలో పేరు ఎప్పటినుంచో కనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో నెఫ్ట్, ఆర్టీజీఎస్ చేసేటప్పుడు కూడా ఖాతాదారు పేరు చూపాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, 2025 ఏప్రిల్ నుంచి ఆ సదుపాయం ఉంది. బిల్లు మీద ఒక పేరు, ఖాతాకు ఇంకో పేరు ఉంటే ఎంత మంచి కారణం చెప్పినా ఒప్పుకోకండి.

బిల్లు అడిగితే మొహమాటంగా ఉంటుందని కొందరు వదిలేస్తారు. అది దొంగ వస్తువైతే మీరు పూర్తి డబ్బు ఇచ్చి కొన్నా అది మీది కాదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం చెబుతోంది. పోలీసులు వచ్చి తీసుకెళితే మీ డబ్బు కోసం మీరు అమ్మినవాడి వెంట పడాల్సిందే. పైగా ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగిన అమ్మకానికి వినియోగదారుల కమిషన్ దారి దొరకడం కష్టం.

నన్ను అడిగితే, లక్ష దాటిన వస్తువుకు రైలు టికెట్ ఖర్చు పెద్దది కాదు. మీరు వెళ్లలేకపోతే ఢిల్లీలో ఉన్న బంధువునో స్నేహితుడినో పంపండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కలుద్దామని, చెక్ చేయించే ఫీజు నేనే ఇస్తానని చెప్పండి. నిజంగా అమ్మేవాడికి ఇందులో నష్టమేమీ లేదు. కుదరదంటే వదిలేయండి. డీ850 ఆయన ఒక్కడి దగ్గరే లేదు.

*షట్టర్ కౌంట్ ఎంత ఉంటే కొనొచ్చు? కానన్ కెమెరా ఫోటోలో నాకు అది కనిపించలేదు.*
*– కరీంనగర్ నుంచి*

కానన్ చాలా మోడళ్లలో ఆ లెక్కను ఫోటో ఫైల్‌లో రాయదు, కాబట్టి మీ తప్పేమీ లేదు. కెమెరాను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి చదివే ప్రోగ్రాములు ఉన్నాయి. అమ్మేవాళ్లను వీడియో కాల్‌లో ఆ పని చేయమనండి, లేదా సర్వీస్ సెంటర్ కాగితం అడగండి. డీ850 షట్టర్‌ను 2 లక్షల సార్లకు, కానన్ 5డీ మార్క్ 4 షట్టర్‌ను లక్షన్నర సార్లకు పరీక్షించామని కంపెనీలు చెప్పాయి. ఆ అంకె దాటగానే షట్టర్ ఆగిపోదు, దాటకముందు పోదనీ లేదు. పెళ్లిళ్లలో వాడిన బాడీకి ఒకటి రెండేళ్లలోనే లక్ష దాటవచ్చు. "ఇంట్లోనే వాడాను" అన్న మాటకూ ఆ అంకెకూ పొంతన లేకపోతే నేను అంకెనే నమ్ముతాను. షట్టర్ మార్పించే ఖర్చు ముందే కనుక్కుని, ఎక్కువ వాడిన బాడీ అయితే ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.

*లెన్స్‌లో ఫంగస్ ఉందో లేదో వీడియో కాల్‌లో తెలుస్తుందా?*
*– కాకినాడ నుంచి*

చాలావరకు తెలుస్తుంది. గదిలో లైట్లు ఆపించి, రెండు వైపుల మూతలు తీయించి, వెనుక నుంచి టార్చ్ ఏటవాలుగా వేయించండి. ఫంగస్ ఉంటే సన్నని సాలెగూడు పోగుల్లా, కొమ్మలు చీలినట్టు కనిపిస్తుంది. నాలుగు ధూళి రేణువులు కనిపిస్తే కంగారు పడకండి, పాత లెన్స్‌లో అవి మామూలే. మొత్తం మసకగా పొగ పట్టినట్టుంటే మాత్రం వద్దు. వెనుక మౌంట్ (లెన్స్ కెమెరాకు తగిలించే చోటు) స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట, ఎందుకు విప్పారో అడగండి. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16 సెట్టింగ్‌లో తెల్ల గోడను తీసిన ఒక ఫోటో కూడా తెప్పించుకుంటే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. మీది సముద్రం పక్క ఊరు కాబట్టి ఇంకో మాట. మంచి లెన్స్ కొన్నా అల్మరాలో పెట్టి వదిలేస్తే మీ దగ్గరే ఫంగస్ పడుతుంది. డ్రై క్యాబినెట్‌లో (గాలిలో తేమను అదుపులో ఉంచే పెట్టె) తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి.

*క్యాష్ ఆన్ డెలివరీ పెట్టించుకుంటే భయం లేదు కదా?*
*– నెల్లూరు నుంచి*

ఉంది. డబ్బు ఇచ్చాకే పెట్టె మీ చేతికి వస్తుంది, లోపల ఇటుక ఉన్నా అప్పుడే తెలుస్తుంది. అమ్మేవాళ్లు పంపిన లింకులో ట్రాకింగ్ చూడకండి, కొరియర్ సంస్థ సైట్‌ను మీరే తెరిచి నంబరు కొట్టండి. డబ్బు మధ్యలో దాచి ఉంచుతామనే సైట్ లింకు వాళ్లే పంపితే అది కూడా వాళ్లదే అనుకోండి. నిజమైన అమ్మకంలోనూ, ఇన్సూరెన్స్ విడిగా కట్టకపోతే పోయిన పార్శిల్‌కు కొరియర్ వాళ్లు ఇచ్చేది చాలా తక్కువ. సీల్ వేసి ఉన్న పెట్టెను నాలుగు వైపులా చూపించి, ఆపకుండా, సీరియల్ నంబరు కనిపించేదాకా విప్పుతూ వీడియో తీయండి.

*నేను కీబోర్డ్ అమ్ముతున్నాను. కొనే ఆయన క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందంటున్నారు.*
*– వరంగల్ నుంచి*

డబ్బు తీసుకోవడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి వెళ్లిపోతుంది. ఆ నంబరు బ్లాక్ చేయండి.

*డల్లాస్‌లో ఉంటాను. ఇంకో రాష్ట్రంలో ఒకాయన దగ్గర టెలిస్కోప్ తీసుకుంటున్నాను. జెల్‌లో గానీ, పేపాల్ ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీలో గానీ పంపమంటున్నారు.*

రెండూ వద్దు. జెల్ అంటే అమెరికాలో ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నేరుగా డబ్బు పంపే పద్ధతి, అందులో కొనుగోలుకు రక్షణ లేదు. పేపాల్ రక్షణ, తెలిసినవాళ్లకు డబ్బు పంపడానికి ఉన్న ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీకి వర్తించదు. పేపాల్‌లోనే కొనుగోళ్లకు ఉన్న గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద పంపితే వస్తువు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఆ పద్ధతిలో అమ్మేవాళ్లకు సుమారు 3 శాతం ఫీజు పడుతుంది, వాళ్లు వద్దనేది చాలాసార్లు అందుకే. ఆ ఫీజు నేనే భరిస్తానని చెప్పి చూడండి.

*సెకండ్‌హ్యాండ్ డీజేఐ డ్రోన్ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చా?*
*– గుంటూరు నుంచి*

డ్రోన్ పాత యజమాని ఖాతాకు కలిపి ఉంటుంది. ఆయన తన యాప్‌లో దాన్ని తొలగించడం వీడియో కాల్‌లో మీరు చూడాలి, లేకపోతే మీ ఖాతాకు అది కలవదు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై మన దేశంలో నిషేధం ఉంది. డీజేఐ చైనా కంపెనీ, అందుకని ఆ తర్వాత వచ్చిన మోడల్ అమ్ముతుంటే అది దేశంలోకి ఎలా వచ్చిందో, రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. జవాబు స్పష్టంగా లేకపోతే నా సలహా, కొనకండి.

*లెన్స్ కోసం నిన్న రాత్రి 45 వేలు పంపాను. పొద్దున్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏం చేయాలి?*
*– ఒక పాఠకురాలు, ఖమ్మం*

మీకు ఈ జవాబు ముందే ఫోన్‌లో చెప్పాం. అందరికీ పనికొస్తుందని ఇక్కడ వేస్తున్నాం. మొదట 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్. లావాదేవీ నంబరు, సమయం, అవతలి ఖాతా లేదా యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వేగంగా మారుతుంది, ఇంకా బయటికి తీయకముందే బ్యాంకులు ఆపగలిగితే దొరుకుతుంది. అందుకే ప్రతి గంటా విలువైనదే. తర్వాత మీ బ్యాంకుకు చెప్పి, సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. చాట్, ప్రకటన, ప్రొఫైల్ అన్నింటికీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, కోపంలో ఏదీ డిలీట్ చేయకండి. ఇది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందకు వచ్చే మోసం, స్టేషన్‌లో ఆ మాట చెప్పండి. ఇంట్లో కూడా ఈరోజే చెప్పండి. ఎందుకంటే రేపో ఎల్లుండో మీకు ఇంకో ఫోన్ రావచ్చు, మీ డబ్బు దొరికింది, వెనక్కి వేయడానికి కొంచెం ఫీజు కట్టండి అని. పోలీసులు గానీ 1930 వాళ్లు గానీ దానికి ఫీజు అడగరు. ఆ ఫోన్ వచ్చినప్పుడు మీ పక్కన ఇంకొకరు ఉండాలి.